సొంతంగా ఫాంటసీ నవల: వెయ్యి కాపీలా, మూడొందలా?

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో హైస్కూలు టీచర్‌ని. నాలుగేళ్లు కష్టపడి ఒక ఫాంటసీ నవల రాశాను. మూడు రాజ్యాలు, ఒక మంత్రవిద్య, మనుషుల మాటలు గుర్తుపెట్టుకునే ఒక నది. మొత్తం 96,000 పదాలు. ఇది మొదటి భాగం, తర్వాత ఇంకో రెండున్నాయి. ఇద్దరు ప్రచురణకర్తలకు పంపాను. ఒకరు "ఈ రోజుల్లో జానపదాలు ఎవరు చదువుతారమ్మా" అన్నారు. రెండో వారి నుంచి జవాబే లేదు. ఒక సంస్థ 85,000 రూపాయల ప్యాకేజీ చెప్పింది: ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), కవర్, ముద్రణ, ప్రపంచవ్యాప్త పంపిణీ, నాకు 50 కాపీలు. విడిగా ప్రెస్సులో అడిగితే 300 కాపీలైతే ఒక్కోటి 165, వెయ్యి అయితే 105 అన్నారు. నా దగ్గర 1,20,000 ఉంది. రేటు తక్కువ కదా, వెయ్యి వేయించు అంటున్నారు మావారు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి తేవాలని ఆశ. ఏం చేయమంటారు?

సమాధానం: మూడొందలు వేయించండి. ప్యాకేజీ వద్దు. డిసెంబరు సంగతి చివర్లో చెప్తాను.

మీవారి లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. 300 కాపీలకు 49,500, వెయ్యికి 1,05,000. కానీ వెయ్యి వేయిస్తే మీ చేతిలో మిగిలేది 15,000. ఎడిటింగ్, ముఖచిత్రం, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), ప్రూఫులు అన్నీ ఆ పదిహేను వేలలో జరగాలి, అంటే ఏదీ సరిగ్గా జరగదు. పైగా వెయ్యి వేసి 300 అమ్మితే, అమ్ముడైన ఒక్కో కాపీకి మీకు 350 పడినట్టు. మిగిలిన 700 కాపీలు బరువులోనే మూడు క్వింటాళ్లు దాటతాయి. ఇంట్లో గోడవారగా పెడితే వానాకాలం చెమ్మకు అట్టలు వంకర తిరుగుతాయి, ఆ తర్వాత చెదలు.

కాపీల సంఖ్య తేల్చడానికి ఒక నోటుబుక్కు తీసుకోండి. డబ్బిచ్చి ఈ పుస్తకం కొంటారని మీకు గట్టి నమ్మకమున్నవాళ్ల పేర్లు రాయండి. అభినందనలు చెప్పేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు. తోటి టీచర్లు, పాత విద్యార్థులు, ఫేస్‌బుక్‌లో మీ రాతలకు నిజంగా స్పందించేవాళ్లు, చుట్టాలు. పేర్లు 120 దాటితే 300 కాపీలకు ధైర్యంగా వెళ్లొచ్చు. 60 దగ్గర ఆగిపోతే డిజిటల్ ప్రెస్సులో 100 వేయించుకోండి. రేటు ఎక్కువే పడుతుంది కానీ నష్టం చిన్నది. ప్లేట్లతో అచ్చువేసే ఆఫ్‌సెట్ పద్ధతిలో ప్లేట్లు, మెషీన్ సెట్టింగు ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే, అందుకే కాపీలు పెరిగేకొద్దీ రేటు పడిపోతుంది. డిజిటల్‌లో ఆ మొదటి ఖర్చు ఉండదు. 300 అన్నది సరిగ్గా రెండింటి నడుమ పడే సంఖ్య కాబట్టి రెండు రకాల కొటేషన్లూ తీసుకోండి. ఆ 165లో లామినేషన్, బైండింగ్, ప్యాకింగ్, మీ ఊరికి రవాణా ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. తగువులొచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ప్యాకేజీ సంగతి. అందులో ఐఎస్‌బీఎన్ ఒక పెద్ద వరంలా కనిపిస్తుంది. మన దేశంలో అది ఉచితం. విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ వెబ్‌సైటులో రచయిత తన పేరు మీదే దరఖాస్తు చేసుకోవచ్చు. సంస్థ ఇచ్చే నంబరు వాడితే రికార్డులో ప్రచురణకర్తగా ఆ సంస్థ పేరే ఉంటుంది. రేపు మీరు వాళ్లను వదిలి వేరేచోట రెండో ముద్రణ వేయించాలంటే నంబరు మార్చాలి, కవర్ మార్చాలి. ఇక "ప్రపంచవ్యాప్త పంపిణీ" అంటే చాలాసార్లు ఆన్‌లైన్ దుకాణాల్లో ఒక పేజీ తెరిచి పెట్టడమే. కోఠిలోనో విజయవాడ ఏలూరు రోడ్డులోనో షాపు అల్మారాలో పుస్తకం ఉంటుందని ఆ మాటకు అర్థం కాదు. ఏయే షాపులకు, ఎన్ని కాపీలు, ఎవరి ఖర్చుతో అని అడగండి. "వంద శాతం రాయల్టీ" అన్న మాట వినిపిస్తే, ముద్రణ ఖర్చూ అమ్మినవాళ్ల కమీషనూ పోయాక మిగిలినదాంట్లో వంద శాతం అని చదువుకోండి.

వాళ్ల ఒప్పందం ఇప్పటికే మీ దగ్గరుంటే మూడు చోట్ల చూడండి: హక్కులు ఎన్నేళ్లు, ఏ రూపాల్లో, ఏ ప్రాంతాల్లో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని అర్థం చేసుకుంటారు. అందుకే అలాంటి ఒప్పందాల్లో ఆ ఖాళీలు ఉండవు. "శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా" అని ముందే రాసి ఉంచుతారు. ఫాంటసీకి ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు ప్రాణం లాంటివి. పుస్తకం అచ్చువేసినంత మాత్రాన అవి ఎవరికీ రాసివ్వకండి.

ఇప్పుడు అసలు పని. మీ దగ్గరున్న డబ్బులో ముద్రణకు 49,500 పోగా 45,000 పుస్తకాన్ని సిద్ధం చేయడానికి కేటాయించండి. అందులో దాదాపు సగం ఎడిటర్‌కు, పావు వంతు కవర్‌కూ పటానికీ, మిగిలింది డీటీపీకీ ప్రూఫ్ రీడర్‌కూ. తెలుగులో సొంతంగా వేసుకున్న పుస్తకాలు ఎక్కువగా దెబ్బతినేది ఎడిటర్ దగ్గర డబ్బు మిగుల్చుకోబోయినప్పుడే. సాంఘిక నవలలో చిన్న తప్పు దొర్లితే పాఠకుడు తన అనుభవంతో సరిదిద్దుకుని ముందుకెళ్తాడు. మీరు సృష్టించిన లోకం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అక్కడ మీరు తడబడితే అతనూ తడబడతాడు.

ఎడిటర్‌కు ఇచ్చే ముందు ముగ్గురితో చదివించండి. ఫాంటసీ ఇష్టంగా చదివేవారొకరు, ఎప్పుడూ చదవనివారొకరు, మీ పదో తరగతిలో పుస్తకాల పిచ్చి ఉన్న పిల్లో పిల్లాడో ఒకరు. "ఎలా ఉంది" అని అడగొద్దు, బాగుందంటారు. ఏ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టారు, ఏ ఇద్దరి పేర్లు కలగాపులగం అయ్యాయి, మంత్రవిద్యతో ఏం చేయొచ్చో ఏం చేయకూడదో మీకు అర్థమైనట్టు చెప్పండి. ఈ మూడూ అడగండి. వీరసేనుడు, విజయసేనుడు, విక్రమసేనుడు అని పెట్టి ఉంటే రెండో ప్రశ్నకు జవాబు నేనే చెప్పగలను. మొదటి అక్షరమూ చివరి భాగమూ ఒకేలా ఉన్న పేర్లు తెలుగులో కంటికి ఒకే ఆకారంగా ఆనతాయి. ఇక ఇరవయ్యో పేజీలోపే ఇద్దరు ముగ్గురు ఆగిపోతే, అక్కడ మూడు రాజ్యాల పూర్వచరిత్ర ఉండి ఉంటుంది. దాన్ని కత్తిరించి, కథకు అవసరమైనప్పుడు అవసరమైనంతే ఇవ్వండి.

తర్వాత ఒక పదాల పట్టిక తయారు చేసుకోండి. ఎడిటర్‌కూ డీటీపీ చేసేవారికీ ప్రూఫ్ రీడర్‌కూ అదే ఆధారం. మనుషులు, ఊళ్లు, ఆయుధాలు, పదవులు, దేవతలు, మంత్రాలు, ప్రతి పేరుకూ ఒకే స్పెల్లింగు. ఎవరు ఎవర్ని నువ్వు అంటారు, ఎవర్ని మీరు అంటారు, ఎవర్ని తమరు అంటారు, అది ఏ సంఘటన తర్వాత మారుతుంది అన్నది కూడా అందులో రాయండి. తెలుగులో సంబంధం మారిందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. పొరపాటున మూడో అధ్యాయంలో మీరు, నాలుగులో నువ్వు, అయిదులో మళ్లీ మీరు వచ్చిందంటే ఆ సాధనం చేజారినట్టే.

కాలం, దూరం కొలతలు కూడా అలాగే. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు, రోజుకు 60 ఘడియలు, ఎనిమిది జాములు. మీ లోకంలో ఘడియలుంటే "అయిదు నిమిషాల్లో కోట చేరాడు" అని రాయకూడదు. ఆమడల్లో దూరం చెప్తే, గుర్రం రోజుకు ఎన్ని ఆమడలు పోతుందో ఒకసారి నిర్ణయించి పటం మీద కొలిచి చూసుకోండి. ఆమడ సుమారు ఎనిమిది మైళ్లు. రెండు రోజుల దారి అని ఒకచోట, వారం దారి అని ఇంకోచోట వస్తే పిల్లలే ముందు పట్టుకుంటారు.

మాటల పుట్టుక కూడా చూడాలి. దర్బారు, ఖజానా, సిపాయి, జాగీరు ఫారసీ, అరబ్బీల నుంచి మనకు వచ్చాయి. ఆ సంస్కృతుల జాడే లేని లోకంలో ఇవి వాడొచ్చా? వాడొచ్చు, తెలుగు పాఠకుడికి అవి తెలుగు మాటలే. కానీ ఒక రాజ్యంలో కొలువు, బొక్కసం, బంటు, మాన్యం అని, ఇంకో రాజ్యంలో దర్బారు, ఖజానా, సిపాయి, జాగీరు అని వాడి చూడండి. పేజీకి ఒక్క వివరణ వాక్యం లేకుండా రెండు రాజ్యాల తేడా చెవికి తెలుస్తుంది. వంటింట్లోనూ ఇదే జాగ్రత్త. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కాకతీయుల కాలాన్ని తలపించే లోకంలో పచ్చిమిరపకాయ కొరికారంటే తెలిసిన పాఠకుడికి పంటికింద రాయి తగిలినట్టుంటుంది. మిరియాలు, అల్లం, చింతపండు మీకు చాలు.

డీటీపీ దగ్గర పెద్ద గుంట ఉంది. మన దగ్గర చాలామంది ఆపరేటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో చేస్తారు. వేగంగా చేస్తారు, అచ్చు అందంగానే వస్తుంది. కానీ ఆ ఫైలు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో టైప్ చేసిన నవలను వాళ్లు కన్వర్టర్ వేసి మారుస్తారు. మార్పిడిలో అరుదైన సంయుక్తాక్షరాలు, కొటేషన్ గుర్తులు, పొల్లులు చెదురుతాయి. ఫాంటసీకి ఈ పొల్లుల బాధ మరీ ఎక్కువ. మీరు "మిత్‌రాన్" అని పేరు పెట్టారనుకోండి, త తర్వాత కనిపించని ఒక గుర్తు ఉంటుంది, అదే పొల్లును పొల్లుగా నిలబెడుతుంది. మార్పిడిలో అది పోతే ఆ పేరు "మిత్రాన్" అయిపోతుంది, పుస్తకమంతా. అంతేకాదు, రేపు ఈబుక్ చేయాలంటే ఆ ఫైలును తిరిగి యూనికోడ్‌కు మార్చి 400 పేజీలకు మళ్లీ ప్రూఫులు దిద్దాలి.

అందుకే ఇన్‌డిజైన్ అనే పేజీల సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తో చేసేవారినే వెతకండి. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అన్న సెట్టింగు ఎంచుకోవాలి, లేదంటే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, సురన్న, ఎన్టీఆర్, రామరాజ, గురజాడ లాంటి ఫాంట్లు ఉచిత లైసెన్సుతో ఉన్నాయి, అచ్చుకూ ఈబుక్‌కూ వాడుకోవచ్చు. మీ నవలలోని ఒకే పేజీని మూడు ఫాంట్లలో ప్రింట్ తీయించి, పగటి వెలుతురులో చూసి ఎంచుకోండి. స్క్రీన్ మీద చూసి ఎంచుకోవద్దు. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి 12 పాయింట్ల అక్షరానికి లైన్ల మధ్య 17, 18 పాయింట్లయినా ఉండాలి. తక్కువ పెడితే పేజీలు తగ్గుతాయి, కానీ పై లైను వత్తు కింది లైను గుడిని తాకుతుంది. తెలుగు పదాలు పొడవు కాబట్టి రెండంచులూ సమం చేసినప్పుడు పదాల మధ్య పెద్ద ఖాళీలు వస్తాయి. ఆపరేటరు పదాన్ని విరవొచ్చు, కానీ అక్షరం మధ్యలో కాదు.

ప్రూఫులు మూడు విడతలు. మొదటిది మీరు, కాగితం మీద. రెండోది నవల అంతకుముందు చదవని ప్రూఫ్ రీడరు. మూడో విడతలో దిద్దిన లైన్లు మాత్రమే చూసి ఊరుకోకండి, ఆ పేరా చివరిదాకా, వీలైతే ఆ పేజీ చివరిదాకా చూడండి. ఒక లైను పెరిగితే కింద ఇంకో పదం విరిగి ఉంటుంది, ఒక తప్పు దిద్దుతూ ఆపరేటరు పక్కన ఇంకోటి కొట్టి ఉంటారు. చివర్లో పదాల పట్టికలోని ప్రతి పేరునూ ఫైలులో వెతికించి, దగ్గరి స్పెల్లింగులు ఏమైనా మిగిలాయేమో చూడాలి. ఇది యూనికోడ్ ఫైలులోనే తేలిక.

సైజు డెమీ వేయండి, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. పేజీకి దాదాపు 250 పదాలు పడతాయి. మీ 96,000 పదాలకు 384 పేజీలు, ముందుమాట, పాత్రల పట్టిక, పటం, చివర పదకోశం కలిపి 16, మొత్తం 400. ఇది యాదృచ్ఛికంగా చెప్పిన అంకె కాదు. ముద్రణ 16 పేజీల ఫారాల లెక్కన జరుగుతుంది, 400 అంటే సరిగ్గా 25 ఫారాలు. 402 పేజీలయితే 26వ ఫారం ఖర్చు నెత్తిన పడి, 14 తెల్ల పేజీలు మిగులుతాయి. రెండు పేజీలు తగ్గించడం ప్రూఫుల దశలో పెద్ద పని కాదు, ప్లేట్లు తీశాక అసాధ్యం.

కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరు బరువు గ్రాముల్లో) మ్యాప్‌లితో, అంటే మామూలుగా పుస్తకాలు అచ్చువేసే కాగితం, కొంచెం పసుపు ఛాయ ఉన్నది. తెల్లటి తెలుపు 400 పేజీల నవలకు కళ్లు లాగుతుంది. 60 జీఎస్ఎం వేస్తే వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. 23 అంగుళాలు, 36 అంగుళాల షీటుకు డెమీ పేజీలు 32 వస్తాయి. అంటే మీ పుస్తకం ఒక్కో కాపీకి పన్నెండున్నర షీట్లు, 300 కాపీలకు 3,750 షీట్లు, 500 షీట్ల రీములైతే ఏడున్నర. అలాంటి ఒక రీము 70 జీఎస్ఎంలో సుమారు 18.7 కిలోలు ఉంటుంది. తరుగు కింద ఇంకో అర రీము, ముప్పావు రీము వేసుకుంటారు. ప్రెస్సువాళ్లు 12 రీములని రాస్తే ఎందుకని అడగడానికి ఈ లెక్క పనికొస్తుంది.

400 పేజీలకు ఉత్త జిగురు బైండింగు నిలవదు. రెండోసారి చదివేసరికి మధ్యలో చీలి ఆకులు ఊడొస్తాయి. ఫారాలు కుట్టి, ఆపైన అట్ట అతికించమని చెప్పండి. కాపీకి కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. కాగితం పీచు వెన్నుకు సమాంతరంగా ఉండేలా షీటు వేయమని కూడా చెప్పాలి. అడ్డంగా పడితే పుస్తకం తెరిచినప్పుడు ఆకులు బిర్రుగా లేచి నిలబడతాయి, గాలిలో తేమ మారినప్పుడు అలలు తిరుగుతాయి. లోపలి మార్జిన్ 20 మిల్లీమీటర్లు ఉంచితే పుస్తకాన్ని విరిచి చదవాల్సిన అవసరం రాదు.

కవర్ ఫైలు ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట కలిపి ఒకే ముక్కగా, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల అదనపు అంచుతో ఉండాలి. వెన్ను మందం ఊహించి వేయొద్దు. అదే కాగితంతో 200 ఆకుల తెల్ల డమ్మీ ప్రెస్సులో కట్టించి కొలవండి. సుమారు 18 మిల్లీమీటర్లు రావొచ్చు, కానీ మిల్లును బట్టి మారుతుంది. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా వెన్ను మీది పేరు ముందు అట్ట మీదికి జారుతుంది.

ఫాంటసీ కవర్లతో ఒక ప్రత్యేకమైన తంటా ఉంది. మంత్రకాంతి అనగానే చిత్రకారులు మెరిసే నీలం, ఊదా, నియాన్ ఆకుపచ్చ వాడతారు. కంప్యూటర్ తెర మీద అవి వెలుగుతో ఏర్పడిన రంగులు. అచ్చులో నాలుగు సిరాలతో ఆ వెలుగు రాదు. ఊదా బూడిద కలిసినట్టవుతుంది, నీలం నల్లబడుతుంది. చిత్రకారుడికి మొదటి రోజే అచ్చు రంగుల్లో పనిచేయమని చెప్పండి, ప్రెస్సు నుంచి ఒక రంగుల ప్రూఫు తీసి చూడండి. ముదురు కవర్ మీద మ్యాట్ (మెరుపు లేని) లామినేషన్ వేస్తే గోటి గీతలు, వేలిముద్రలు కనిపిస్తాయి. షాపుల్లో పది చేతులు మారాక పాతపుస్తకంలా ఉంటుంది. లేత రంగులైతే మ్యాట్, ముదురైతే మెరిసే గ్లాసీ మేలు. పేరు అక్షరాలు చేత్తో రాయించండి. తెలుగు లిపికి ఉన్న వంపులు మీ లోకానికి ముఖం ఇస్తాయి, ఉచిత ఫాంటుకు నీడ తగిలిస్తే రాదు అది. ఆ బొమ్మను పుస్తకానికి, ఈబుక్‌కు, ఆడియోకు, పోస్టర్లకు, తర్వాతి ముద్రణలకు వాడుకోవచ్చని చిత్రకారుడితో ఒక కాగితం రాయించుకుని సంతకం తీసుకోండి.

పటం నల్ల గీతల బొమ్మగా 600 డీపీఐలో చేయించండి. బూడిద ఛాయలు మ్యాప్‌లితో మీద సిరా పీల్చుకుని మసకబారతాయి. రెండు పేజీల మీద పరిస్తే మీ నది సరిగ్గా మధ్య మడతలో మునిగిపోతుంది. ఒకే పేజీలో పట్టేలా, ఊళ్ల పేర్లు 8 పాయింట్లకు తగ్గకుండా వేయండి. కథలో రాని ఊళ్లు పటంలో వద్దు, కథలో వచ్చే ప్రతి ఊరూ ఉండాలి.

కాగితాల పని. ఐఎస్‌బీఎన్‌కు కవర్ పూర్తికాక ముందే దరఖాస్తు పెట్టండి, బార్‌కోడ్ వెనక అట్ట మీద పడాలి కదా. పేపర్‌బ్యాక్‌కు ఒక నంబరు, ఈబుక్‌కు వేరే నంబరు. కాపీరైటు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మనశ్శాంతి కోసం చేయించుకుంటే సాహిత్య రచనకు ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. హక్కు మీ జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ ఉంటుంది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు మీ ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయిలోని కేంద్ర గ్రంథాలయానికి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో ప్రతి పంపాలి. సొంతంగా వేసుకున్నవాళ్లలో చాలామంది దీన్ని వదిలేస్తారు. నాలుగు కాపీల పనే, మీ నవల వందేళ్ల తర్వాత దొరికే చోటు అదే. ప్రచురణ వివరాలుండే ఇంప్రింట్ పేజీలో "ప్రతులకు" అన్న లైను కింద పనిచేసే ఫోన్ నంబరు వేయండి. ఇంటి నంబరు ఇష్టం లేకపోతే కొత్త సిమ్ తీసుకోండి.

వెల 400 పెట్టండి. షాపులు, పంపిణీదారులు 40 నుంచి 50 శాతం దాకా కమీషన్ అడుగుతారు. 45 శాతానికి ఇస్తే మీకు 220 వస్తుంది, ముద్రణ పోగా 55. మీరే నేరుగా పది శాతం తగ్గించి 360కి అమ్మి, పోస్టేజీ విడిగా తీసుకుంటే 195. సమీక్షలకు, గ్రంథాలయాలకు, పాడైనవాటికి 25 కాపీలు తీసేయండి. మిగిలిన 275లో 175 మీరు, 100 షాపులు అమ్మాయనుకుంటే వచ్చేది 63,000, 22,000, మొత్తం 85,000. పెట్టింది 94,500. అంటే మొదటి ముద్రణ మొత్తం అమ్ముడైనా తొమ్మిదిన్నర వేలు చేతి నుంచి పోతాయి. ఇది ముందే తెలిసి దిగడం మంచిది. ఎడిటింగ్, కవర్, డీటీపీ మళ్లీ చేయించనక్కర్లేదు కాబట్టి రెండో ముద్రణ నుంచి ప్రతి కాపీ మిగులే. మీ దగ్గర విడిగా ఉంచిన 25,500 అప్పుడు పనికొస్తుంది.

షాపులకు ఇచ్చేటప్పుడు ఒక్కోచోట అయిదు కాపీలకు మించి పెట్టకండి. తేదీ, కాపీల సంఖ్య, కమీషన్, ఎన్ని నెలలకు లెక్క చూస్తారు అన్నవి రాసి సంతకం తీసుకోండి. అప్పుకు ఇచ్చిన కాపీల డబ్బు నెలల తరబడి రాకపోవడం ఈ రంగంలో మామూలు. ప్రభుత్వ గ్రంథాలయాల కొనుగోళ్లను మీ లెక్కలో వేసుకోకండి, వస్తే సంతోషం. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లు పాన్ కార్డుతోనే అమెజాన్‌లో అమ్మకందారుగా చేరొచ్చు. పుస్తకం బరువు 440 గ్రాములు, ప్యాకింగ్‌తో 480 దాకా వస్తుంది. తపాలాశాఖ 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాములకు 20 రూపాయల నుంచి అయిదు కిలోలకు 100 దాకా ధరలు, పన్నులు అదనం. వాణిజ్య ప్రచురణలకు, ప్రకటనలున్నవాటికి అందులో చోటు లేదు, పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. మీ నవలను తీసుకుంటారో లేదో కౌంటర్‌లో ఒక కాపీ చూపించి ముందే అడగండి, ఆ తర్వాతే పాఠకులకు పోస్టేజీ ఎంతో చెప్పండి. మూలలు నలగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టండి.

ఈబుక్ గురించి ఇంగ్లిష్ వీడియోలు చూసి కిండిల్ మీద ఆశ పెట్టుకోకండి. కిండిల్ స్వీయప్రచురణ తీసుకునే భాషల్లో హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ ఉన్నాయి, తెలుగు ఆ జాబితాలోకి రాలేదు. వేరే భాష పేరు పెట్టి ఎక్కిస్తే ఖాతాకే ముప్పు. గూగుల్ ప్లే బుక్స్ తెలుగు ఈపబ్ (ఈబుక్ ఫైలు) తీసుకుంటుంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లకు అరకిలో పార్శిల్ కంటే అదే దారి. ప్రతిలిపి యాప్‌లో సీరియల్‌గా పెట్టే ఆలోచన ఉంటే మొదటి ఏడెనిమిది అధ్యాయాలు పెట్టండి. అక్కడ ఫాంటసీ చదివే యువతరం ఉంది, ఆ ప్రచురణకర్త చెప్పిన "ఎవరు చదువుతారమ్మా" అన్న ప్రశ్నకు జవాబు వాళ్లే. చందమామ సీరియళ్లతో పెరిగినవాళ్లు ఇంకో సగం. నవల మొత్తం పెట్టే ముందు మాత్రం ప్రత్యేక హక్కుల షరతు ఉందేమో చదవండి.

డిసెంబరు. మీ రాతప్రతి ఇంకా ఎడిటర్ చేతికి వెళ్లలేదు. చదివించడానికి నెల, ఎడిటింగుకు రెండు నెలలు, మీరు తిరగరాయడానికి నెల, డీటీపీకీ మూడు ప్రూఫులకూ నెలన్నర, ముద్రణకు మూడు వారాలు. కవర్ వీటితో పాటే సాగుతుంది. మొత్తం ఆరు నెలల పైమాట. పైగా నవంబరు, డిసెంబరుల్లో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలు, బుక్ ఫెయిర్‌కి పరిగెత్తే పుస్తకాలతో కిక్కిరిసి ఉంటాయి. ఆ తొక్కిడిలో మీ ఫారాలు ఆరకముందే మడిచి, సిరా ఎదుటి పేజీకి అంటుకుంటుంది. జూన్ లోపు ఎడిటర్ చేతిలో ఉంటే డిసెంబరు అనుకోండి, లేకపోతే ఈ దశలేవీ కుదించకుండా వేసవిలో తెచ్చి, ఆ తర్వాతి బుక్ ఫెయిర్‌లో మరో నలుగురు రచయితలతో కలిసి స్టాల్ అద్దె పంచుకోండి. ఏడాది ముగిసేనాటికి హైదరాబాద్, జనవరి మొదట్లో విజయవాడ, రెండింటికీ అప్పుడు పుస్తకం చేతిలో ఉంటుంది.

మిగిలిన రెండు భాగాల మాట. సగంలో ఆగిపోయిన సీరియళ్లు చూసి చూసి పాఠకులు "మొదటి భాగం" అన్న మాట కనిపిస్తే పుస్తకం మళ్లీ అల్మారాలో పెట్టేస్తారు. మీ నవల చివర కనీసం ఒక ప్రధాన ముడి పూర్తిగా విడిపోవాలి. నది సంగతి మిగిలినా సరే, ప్రధాన పాత్ర తలపెట్టిన పని తేలాలి. రెండో భాగం కొనేది మొదటిది చదివినవాళ్లే కాబట్టి దానికి 300 కూడా ఎక్కువే, 200తో మొదలుపెట్టండి. అప్పటికి మొదటి భాగం అయిపోయి ఉంటే డిజిటల్‌లో ఇంకో 50 వేయించి పక్కన పెట్టుకోండి, లేకపోతే రెండోది చేతిలోకి తీసుకున్న కొత్త పాఠకుడికి మొదటిది దొరకదు. ఇప్పుడే డీటీపీ వారి దగ్గర్నుంచి ప్రింట్ పీడీఎఫ్‌తో పాటు ఇన్‌డిజైన్ ఫైలు, ఫాంట్లు, కవర్ అసలు ఫైలు, పదాల పట్టిక ఒక పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వండి.